మూడో క్లాసు మంచం

మామగారి కింద దుప్పటి తీసి చిలకమ్మ నూతి దగ్గర రెండోసారి జాడిస్తుంటే వసారాలోంచి గణపతిరావు కేకేశాడు. "సిలకమ్మా, ఇంకో నాలుగు టీలమ్మా. అల్లం కాస్త దంచి వెయ్యి."

ఆ బెంగాలీల ఊళ్ళో, ఖరిదా పేటలో ఆ వీధంతా రిటైరైన రైల్వే తెలుగువాళ్ళదే. వాళ్ళ సంఘానికి గణపతిరావు సెక్రటరీ. సర్వీసంతా గార్డుగా చేసి దిగాడు. ముసలివాళ్ళ వైద్యానికి ఏం ఏర్పాట్లు చెయ్యాలా అని నెల్లాళ్ళుగా మీటింగులు పెడుతున్నారు, అవీ చిలకమ్మ వసారాలోనే. ఇక్కడైతే అడిగినప్పుడల్లా టీ వస్తుంది. ఇవాళ్టికి తేల్చారు.

"రైలుబండికి మల్లే మూడు క్లాసులమ్మా" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "నడవగలిగినోలు ఫస్టు క్లాసు. బుధవారం బుధవారం బెంగాలీ కాంపౌండర్ దాదా సంఘం గదికొచ్చి ప్రెషరు సూస్తాడు. గుమ్మం దిగలేనోలు సెకండు. దాదాయే ఇంటికొచ్చి సూదేస్తాడు. మీ మావ నూకయ్యలాగ మంచం పట్టినోలు థర్డు. ఆలకి ఇంటికాడే సేవ."

"ఇంటికాడ ఎవరు చేస్తారు బాబూ?"

నలుగురూ ఘొల్లున నవ్వారు. "అదేటమ్మా, నువ్వు లేవేటి?"

ఒక అట్ట, కలం, సిరాబుడ్డి ఆమె ముందుకు జరిపాడు. "ఏడో తరగతి సదివినావు, దస్తూరీ బాగుంటాది. రాసిపెట్టు, గోడకి తగిలిద్దుము. థర్డు క్లాసులో చూసేవారు అన్నకాడ ఇంట్లోవాళ్ళు అని రాసీ, సాలు."

లోపల చిలకమ్మ పాప దగ్గింది. తొమ్మిది నెలల పిల్ల, మూడు రోజుల దగ్గు, తెల్లారినప్పటినుంచి ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. పక్కింటి ఎస్తేరమ్మ కొడుక్కీ నిరుడు ఇలాగే లోపలికి పోయాయి. నాలుగో రోజుకి పిల్లాడు లేడు. రైల్వే ఆసుపత్రిలో ఓపీ పన్నెండింటికి మూసేస్తారు. పొద్దున్నే ఆ మాటంటే మొగుడు గోవిందరావు క్యారేజీ సైకిలుకి తగిలించుకుంటూ, "పిల్లలన్నాక దగ్గు రాదేటే? నాన్ననొగ్గేసి ఊరేగుతావా? ఆదివారం సూద్దుము" అన్నాడు. ఆదివారం ఓపీ ఉండదని రైల్వే వర్క్‌షాపు నీడన పుట్టి పెరిగినవాడికి తెలీదా? పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకోసారి ఒక పక్కనించి ఇంకో పక్కకి తిప్పాలని డాక్టరు చెప్పింది కొడుక్కి, విన్నదీ కొడుకే, తిప్పుతున్నది మాత్రం తను. రెండు నెలలుగా గోల్‌బజార్ మొహం చూడలేదు. మాట పడిపోయిన ఆ ముసలాయన మీద ఆమెకి కోపం లేదు. కాళ్ళు ఆడిస్తూ కూర్చుని టీ తాగుతున్న ఈ ఫస్టు క్లాసు వాళ్ళ మీదే కోపమంతా. ఏడో తరగతి అర్ధసంవత్సర పరీక్షలకి ముందు బడి మానిపించి పెళ్ళి చేశారు. అప్పట్నించి మళ్ళీ కలం పట్టడం ఇదే. దేనికీ? తను ఉన్న చోట తన పేరు లేకుండా రాయడానికి.

ఆమె కూర్చుని రాసింది. మొదటి గడి, రెండో గడి వాళ్ళు చెప్పినట్టే. మూడో గడి దగ్గర వసారావైపు ఒకసారి తలెత్తి చూసి, సిరాలో కలం ముంచింది. రాయడం అయ్యాక అట్టని వసారా గోడ మేకుకి తగిలించి లోపలికి వెళ్ళింది. మామగారికి తడి గుడ్డ మార్చి, పక్క తిప్పి, తలగడ సర్దింది. గడియారం తొమ్మిది కొట్టింది. పాపని పాత చీరలో చుట్టి భుజాన వేసుకుంది.

గణపతిరావు కళ్ళజోడు పెట్టుకుని గొంతెత్తి చదువుతున్నాడు. "మూడో క్లాసు. మంచం పట్టినవారు, నూకయ్య. చూసేవారు, పదకొండు గంటలకి గణపతిరావు. ఒంటిగంటకి తవి..." పక్కనున్న తవిటయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదేటి సిలకమ్మా! మాకేటి తెలుస్తాది ఇయ్యన్నీ?"

ఆమె అప్పటికే వీధిలోకి దిగి ఆసుపత్రికని రిక్షా ఆపింది.

"నాకూ తెలీదు బాబూ, చేస్తుంటే తెలిసింది. నడుం కింద పుండుంది, మెల్లగా తిప్పండి. దుప్పటి దండెం మీదుంది, ఇంకా తడే."