ఈసారి రిల్‌కి కాదు

లొరైన్ చేతిలో తల పెట్టినవాళ్లెవరైనా సరే, జుట్టు తడిసేలోపే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిందే. "ఈ ఏడు సెలవులకి ఎక్కడికి ప్రయాణం?" ఇంగ్లండులో స్టోక్ ఊళ్లో ఆమె పార్లర్ తెరిచిన నాటి నుంచీ ఇదే వరస. కత్తిరింపు పూర్తయ్యేలోగా కుర్చీలో కూర్చున్నవాళ్లు స్పెయిన్ సముద్రం ఒడ్డునో, స్కాట్లండ్ కొండల్లోనో ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లు. కుర్చీ వెనకాల నిలబడ్డ లొరైన్ మాత్రం నవ్వుతూ వినేది, రాలిన జుట్టు ఊడ్చేది, తరవాతివాళ్లని పిలిచేది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం పొద్దున ఈనిడ్ వచ్చి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉండగా ఫ్యాక్టరీలో పింగాణీ కప్పుల మీద పువ్వులు వేసేది. ఆ యంత్రాల రొదలో మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే ఉండిపోయింది. ఆవిడ గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది.

"ఎక్కడికి ప్రయాణం ఈనిడ్ ఆంటీ?" అంది లొరైన్, అలవాటుగా.

"నాదేముందే, నడుము ఎటు పోనిస్తే అటు. నీ సంగతి చెప్పు ముందు. నువ్వెక్కడికి?"

లొరైన్ దువ్వెన ఆగింది. "మేమా? రిల్‌కేగా, సముద్రం ఒడ్డున కారవాన్ బండిలో ఉండడానికి."

"మళ్లీ ఆ డబ్బాలోకేనా? మీ పెళ్లయినప్పట్నుంచీ అదే డబ్బా, అదే ఇసక, అదే వానా! ఆ ట్రెవర్‌కి వేరే ఊరి పేరు తెలీదా ఏం?"

డ్రయ్యర్ల కింద కూర్చున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. లొరైన్‌కి చెవులు వేడెక్కాయి. కోపం ఈనిడ్ మీద కాదు. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. అద్దంలో తన ముఖం చూసుకుంటూ, "ఈసారి రిల్‌కి కాదు," అనేసింది.

"మరెక్కడికి?"

ఆలోచించకుండానే మాటలు వచ్చేశాయి. ఎప్పుడో ఎవరో చెప్పినవి, లోపల ఎక్కడో పేరుకుపోయినవి. "యార్క్‌కి. పాత కోటగోడ మీద నడవాలి. తరవాత డరమ్, ఆ పెద్ద చర్చి చూడాలి. తరవాత కొండెక్కాలి. నిజమైన కొండ."

 పార్లర్‌లో అందరూ ఒక్కసారే మొదలెట్టారు.

జుట్టు నిండా వెండి కాగితాలతో రంగు ఆరబెట్టుకుంటున్న మోయిరా లేచి నిలబడి మరీ, "యార్క్ ఎందుకు, బాత్‌కి వెళ్లు, అక్కడ రోమన్ల కాలం నాటి వేణ్నీళ్ల కోనేరుంది," అంది. "బాత్ దక్షిణాన, కొండలు ఉత్తరాన. రోడ్డు మీదే సెలవులు అయిపోతాయి," అని ఇంకొకామె కొట్టిపారేసింది. "అసలు ఊళ్లు చూసేవాళ్లు వేరు, కొండలెక్కేవాళ్లు వేరు. రెండూ పెట్టుకుంటే రెండూ చెడతాయి," అని మోయిరా తీర్పిచ్చింది. ఆ మాటతో లొరైన్‌కి పట్టుదల పెరిగింది. మధ్యాహ్నం తిండి మానేసి వెళ్లి దేశం పటం కొనుక్కొచ్చి, అద్దం మీద అంటించింది. వచ్చినవాళ్లకి తమ ముఖాలు కనబడకపోయినా ఎవరూ గొణగలేదు. చూసొచ్చిన ఊళ్లన్నిటికీ ఒక్కో జుట్టు క్లిప్పు గుచ్చేవాళ్లు, నచ్చని ఊళ్ల క్లిప్పులు పీకేసేవాళ్లు.

ఏ కొండ అన్నది తేల్చింది ఈనిడే. "హెల్వెలిన్ కొండ. స్ట్రైడింగ్ ఎడ్జ్ మీదుగా ఎక్కు. రాతిగట్టు. కాలు పెట్టేంత చోటే ఉంటుంది, అటూ ఇటూ లోయ. మా ఫ్యాక్టరీ ఆడపిల్లలం పదిమందిమి వెళ్లాం, స్కర్టులేసుకుని. కిందికి దిగాక వారం రోజులు మాలో ఎవరికీ ఫోర్‌మన్ అంటే భయం వెయ్యలేదు."

లొరైన్ ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లింది. బస్సు పక్కనుంచి వెళ్లిపోయినా గమనించలేదు.

ట్రెవర్ ప్లంబరు. మంచివాడు, నెమ్మదస్తుడు. చీజు పెట్టిన ఓట్స్ అట్టు తింటూ అంతా విన్నాడు. విన్నాక మెల్లిగా, "రిల్‌కి ఏమైంది ఇప్పుడు?" అన్నాడు.

"దానికేమీ కాలేదు. అదే దాని జబ్బు."

"కారు తాళాలెక్కడ పెట్టావో నీకే తెలీదు. నువ్వు మూడు ఊళ్ల ప్రయాణం వేస్తావా?"

"తాళాలు పోతే నువ్వు వెతుకుతావులే. ఊళ్లు నేను చూసుకుంటా."

ఆ తరవాత రోజుకో అడ్డంకి తెచ్చాడు. తన మోకాలు అన్నాడు. యార్క్‌లో కారు పెట్టుకోడానికి చోటుండదన్నాడు. అక్కడ వానలన్నాడు. రిల్‌లో వాన తప్ప ఏం చూశాం అంది లొరైన్. కారు ఊరి బయట పెట్టి బస్సెక్కేలా చూసింది. మెట్లు తక్కువున్న బస దొరకబుచ్చుకుంది. కొండ దగ్గర దారి చూపించే మనిషిని కుదిర్చింది. చివరికి చెప్పడానికేమీ మిగలక, "నీ ఇష్టం," అని ట్రెవర్ టీవీ వైపు తిరిగాడు. ఆ మాటలో ఒప్పుకోలు లేదని ఆమెకి తెలుసు. అయినా అది చాలనుకుంది.

ఆదివారాలు కాళ్లకి అలవాటవ్వాలని ఊరికి దగ్గర్లో ఉన్న మౌ కాప్ గుట్ట ఎక్కడం మొదలెట్టింది. మొదటిసారి సగంలోనే కూలబడింది. మే నెలాఖరుకి ఆగకుండా ఎక్కేస్తోంది. ట్రెవర్ ఎప్పుడూ కింద కార్లోనే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. బద్ధకం అనుకుంది.

జూన్‌లో బయల్దేరారు. యార్క్ ఆమె ఊహించినదాని కన్నా బాగుంది. ఒరిగిపోయిన పాత ఇళ్లు వీధికి అడ్డంగా ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకునేంత దగ్గరికి వంగి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే కోటగోడ ఎక్కారు. ఒకవైపు నడుమెత్తు రాతిగోడ, రెండోవైపు చర్చి గోపురాలు ఎండలో తేనెరంగులో మెరుస్తున్నాయి. లొరైన్ ముందు నడుస్తూ చేతులూపుతూ ఏదో చెబుతోంది. జవాబు రాకపోయేసరికి వెనక్కి చూసింది.

ట్రెవర్ చాలా వెనకాల, రెండు చేతులతో రాతిగోడని కావలించుకుని నిలబడి ఉన్నాడు. అక్కడ లోపలివైపు కమ్మీ లేదు. నడిచే రాళ్ల అంచు దాటితే నేరుగా కింద ఎవరిదో తోట. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది. 

"ట్రెవర్! గుండె నొప్పా?"

"కాదు. కదల్లేను. నువ్వు వెళ్లిపో."

వెనకనుంచి బడిపిల్లల గుంపు ఒకటి వచ్చి ఆగిపోయింది. "ఆయనకి ఏమైంది మిస్?" అని ఒక పిల్ల గట్టిగా అడిగింది. "సేద తీరుతున్నారు," అంది వాళ్ల టీచరు. లొరైన్ భర్త పక్కకి, కమ్మీ లేని వైపుకి వచ్చి నిలబడింది. "కింద చూడకు. నా చెవిపోగు చూడు. ఇప్పుడు కూర్చో. ఆ, అలాగే. ఇక జరుగు." పెళ్లాం చెవిపోగు మీంచి కళ్లు తిప్పకుండా, పిర్రల మీద జరుగుతూ, అంగుళం అంగుళంగా ట్రెవర్ మెట్ల దాకా వచ్చాడు. కింద నేల తగలగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

టీ కొట్లో కప్పు రెండు చేతులతో పట్టుకుని నోరు విప్పాడు. "చిన్నప్పట్నుంచీ ఇంతే. నిచ్చెన మూడో మెట్టు దాటితే కాళ్లు నీళ్లయిపోతాయి. అందుకే ఇళ్ల పైకప్పులేసే పనికి వెళ్లకుండా ప్లంబర్నయ్యాను. సింకులన్నీ నేల మీదే ఉంటాయి."

"మరి రిల్?"

"ఎంత దూరం చూసినా చదునే కదా అక్కడ."

 తను అడిగితే అతనికి ఎక్కడ భారమవుతుందో అని ఎన్ని వేసవులు నోరు మూసుకుందో లొరైన్‌కి గుర్తొచ్చింది. "ఇన్నేళ్లు కాపురం చేశాం. ఒక్క ముక్క చెప్పలేకపోయావా నాకు?"

"నవ్వుతావనుకున్నా."

"నవ్వనా మరి? గోడ మీద పిర్రలతో పాకుతూ వచ్చావు, బడిపిల్లలంతా చూస్తుండగా!" అంటూనే ఆమెకి నిజంగానే నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ముందు ఉడుక్కున్న ట్రెవర్ తరవాత తనూ నవ్వేశాడు. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు.

నవ్వు తగ్గాక ఆమె మెల్లిగా, "పోనీ, కొండ మానేద్దాం," అంది.

ట్రెవర్ కప్పు ఠపీమని పెట్టాడు. "నా వల్ల ఇన్నాళ్లు అన్నీ మానుకున్నావు. ఇది కూడా మానేశావంటే నీతో మాట్లాడను. నువ్వెక్కు. నాకు కింద ఏదైనా పని చూడు. ప్రయాణం వేసింది నువ్వేగా!"

అప్పటికప్పుడు బల్ల మీద పటం పరిచి మిగిలిన ప్రయాణమంతా మళ్లీ వేసింది లొరైన్. డరమ్ చర్చి శిఖరం మెట్లెక్కడం జాబితాలోంచి కొట్టేసింది. డరమ్‌లో ఊరి చుట్టూ తిరిగే నది మీద వేలు పెట్టింది. "నీళ్లంటే భయమా?"

"నీళ్లా?" ట్రెవర్ ముఖం మారింది. "చిన్నప్పుడు రుడ్యార్డ్ చెరువులో మా నాన్నతో పడవ నేనే నడిపేవాణ్ణి."

డరమ్‌లో వంతెన కింద అద్దె పడవ తీసుకున్నారు. తెడ్లు చేతికొచ్చిన ట్రెవర్ వేరే మనిషైపోయాడు. గట్టు మీద ఆకాశానికి అంటినట్టున్న చర్చి కిందనుంచి పడవ బాణంలా పోయింది. పక్క పడవలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు గోలగోలగా తెడ్లేస్తున్నారు. వాళ్లని దాటేశాడు. "ఏం తాతా, కొంచెం మెల్లిగా!" అని వాళ్లు అరిచారు. "మీరే కొంచెం గట్టిగా!" అని తిరిగి అరిచాడు. అతను అలా ఎవరి మీదైనా అరవడం లొరైన్ అదే మొదటిసారి వినడం.

కొండ రోజు రానే వచ్చింది. అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ట్రెవర్‌ని ఒక కెనూ పడవ దగ్గర వదిలి, లొరైన్ దారి చూపించే తాంసిన్ అనే అమ్మాయితో కొండదారి పట్టింది. గట్టు మొదలయ్యేచోట మబ్బు దిగింది. కాసేపు రాళ్ల చాటున కూర్చున్నారు. మబ్బు విడిపోగానే ఈనిడ్ చెప్పిన రాతిగట్టు ముందు ప్రత్యక్షమైంది. తెరిచిన పుస్తకం బోర్లా పెట్టినట్టు, నడుమ సన్నటి వెన్ను, అటూ ఇటూ ఖాళీ. ఒకవైపు లోతులో నల్లటి చిన్న చెరువు.

నడిచింది. కొన్నిచోట్ల నాలుగు కాళ్ల మీద పాకింది. గాలి తోసినప్పుడల్లా రాయిని పట్టుకుని ఆగింది. గట్టు చివర దారి తెగిపోయినట్టుంది. రాతి చీలికలోంచి, ముఖం రాతివైపు తిప్పుకుని, కిందికి దిగాలి. కిందికి చూసింది. యార్క్ గోడ మీద ట్రెవర్‌కి ఏం జరిగిందో ఒళ్లంతా అర్థమైంది. 

"వెనక్కి వెళ్దామన్నా పర్లేదండీ. చాలామంది వెళ్తారు," అంది తాంసిన్.

"ఒక్క నిమిషం ఆగమ్మా." లొరైన్ తన చేతుల వైపు చూసుకుంది. రోజంతా కత్తెర పట్టే చేతులు. ఎంత మొండి జుట్టునైనా లొంగదీసిన వేళ్లు. రాతివైపు తిరిగింది. ఒక కాలు దింపింది, మెట్టు తగిలింది. రెండో కాలు. వేళ్లు పట్టు వదల్లేదు. చివరి అడుగు నేల మీద పడగానే ఆమె నోట్లోంచి వచ్చిన కేకకి కింద మేస్తున్న గొర్రెలు బెదిరి పరిగెత్తాయి.

ఆ పైన మిగిలిన ఎక్కుడు ఆమెకి గుర్తు లేదు. శిఖరం మీద నిలబడేసరికి ఎండ వచ్చింది. కొండల వెనక కొండలు, దూరంగా వంకర తిరిగిన వెండిపట్టీలా సరస్సు. అందులో ఎక్కడో తన మొగుడు. కనబడడని తెలిసినా రెండు చేతులూ ఎత్తి ఊపింది. పక్కనే రొట్టె తింటున్న కుర్రవాళ్లు, ఎందుకో తెలియకపోయినా, వాళ్లూ చేతులూపారు. లొరైన్ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ తాంసిన్‌ని కావలించుకుంది.

సాయంత్రం ఒడ్డుకి చేరేసరికి ట్రెవర్ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. ముక్కు ఎండకి ఎర్రగా కమిలిపోయి ఉంది.

"ఎక్కావా?"

"ఎక్కా! నువ్వు?"

"దీవి దాకా వెళ్లొచ్చా. ఒక్కణ్ణే. దాని చుట్టూ రెండుసార్లు తిరిగా." ఆమె బూట్ల నిండా ఉన్న మట్టి చూశాడు, గీరుకుపోయిన వేళ్లు చూశాడు. "నా పెళ్లాం స్ట్రైడింగ్ ఎడ్జ్ ఎక్కిందని ఇందాకట్నుంచి కొండ దిగొచ్చినవాళ్లందరికీ చెబుతున్నా. సగంమంది నమ్మలేదు."

"ఎక్కకముందే చెప్పేశావా?"

"ఎక్కుతావని నాకు తెలుసుగా." కెనూ పట్టుకుని నిలిపి, చెయ్యందించాడు. "రా, ఇంకా వెలుతురుంది. బూట్లు విప్పి ముందు కూర్చో. ఎటు వెళ్లాలో నువ్వు చెప్పు, నేను నడుపుతా."

కాళ్లు సలుపుతున్నా లొరైన్ ఎక్కి కూర్చుంది. సరస్సు మలుపు తిరిగి కొండల వెనక్కి పోయే వైపుకి, అవతల ఏముందో ఇద్దరికీ తెలియని వైపుకి వేలు చూపించింది. ట్రెవర్ తెడ్డు వేశాడు.