పిలక జొన్న

ఆ రోజు హన్మవ్వ బడిలో అన్నం వండింది, పప్పు చేసింది, పిల్లలందరికీ వడ్డించింది. కానీ ఒక్క పిల్లవాణ్ణి కూడా తిట్టలేదు. అందుకే అనిలకు అనుమానం వచ్చింది.

అనిల ఆ బడిలో జీవశాస్త్రం చెబుతుంది. ఎల్లారెడ్డి నుంచి స్కూటీ మీద వచ్చి పోతుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు తిని వెళ్లిపోగానే మిగిలేది ఆమె, గిన్నెలు తోముకుంటూ హన్మవ్వ. పోయిన వానకాలం భర్త సీతారాం చనిపోయినప్పటి నుంచి అనిలకు ఇంటికి వెళ్లే తొందర లేదు. ఆ సంగతి హన్మవ్వకు తెలుసు. తెలిసినా ఎన్నడూ అడగలేదు.

"ఏమైంది హన్మవ్వా?"

"ఏం గాలె మేడం."

"ఏం గాకపోతే పోరగాండ్లను తిట్టకుండ నీకు అన్నం అరుగుతదా?"

హన్మవ్వ నవ్వబోయింది. నవ్వు రాలేదు. చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"మొన్న గంగారాం పటేల్ ఎద్దు సచ్చింది. మా ఆయన గుళికల మందు తినబెట్టిండట. ఇయ్యాల పొద్దుమీకి నలుగురు కూసుంటరట. గొడ్లు కాసుడు బందు వెట్టి ఊరిడిచి పొమ్మంటరట."

హన్మవ్వ భర్త ఏసయ్య ఊరి గొడ్లను కాస్తాడు. హోళీనాడు గంగారాం లేగదూడ కాలు విరిగితే, గంగారాం పదిమంది ముందు ఏసయ్యను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఏసయ్య తిరిగి ఒకే మాట అన్నాడు, "నా ఉసురు నీ గొడ్లకే తాకుతది పటేలా" అని. ఎద్దు చచ్చిన రోజు నుంచి ఊరంతా ఆ మాటే చెప్పుకుంటోంది.

"ఎద్దు ఎక్కడ మేసింది?"

"జొన్న చేన్ల. కోసి చొప్ప ఇంటికి కొట్టుకున్నరు గద. పది దినాల కింద రాళ్లవాన వడ్డంక కొయ్యలకు మళ్ల పచ్చగ పిలకలు లేచినయి. మేతకు చేను విడిచిన్రు."

"ఇంకెవరి గొడ్లకూ ఏం గాలేదా?"

"వేరేటోళ్లయి ఇంక దిగలేదు మేడం. చేను ఎవరిదో వాళ్ల గొడ్లే ముందుగాల మెయ్యాలె. అవి కడుపునిండ మేసినంకనే మిగిలినయి. గది మా ఊరి పద్ధతి. పటేల్‌దొక్కటే సచ్చిందంటే పగవట్టి చేసిందే అంటున్నరు."

అనిల చెయ్యి కడుక్కుంది. పళ్లెంలో అన్నం సగం అలాగే ఉంది.

"హన్మవ్వా, అది నాము. పా, చేను కాడికి పోదాం."

"నాము ఎట్లయితది మేడం? వాన వడ్డది గద."

అనిల సంచి భుజాన వేసుకుని స్కూటీ తీసింది. ఎండాకాలంలో వాడిన జొన్న మేస్తే పశువుకు నాము అనే విషం తగులుతుందని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక్క వాన పడితే నాము కొట్టుకుపోతుందని కూడా వాళ్లకు అంతే గట్టిగా తెలుసు.

చేను గట్టు మీద గంగారాం తలకు తువ్వాల చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏసయ్యను రావద్దన్నారు కాబట్టి గొడ్డును తనే తోలుకొచ్చాడు. పాలిచ్చే బర్రె ఒకటి చేనులోకి దిగి, జానెడు ఎత్తు పిలకలను ఆత్రంగా పీకుతోంది. గంగారాం భార్య భూదేవి దాని వెనక నిలబడి ఉంది.

"అన్నా, బర్రెను బయటికి తోలుండ్రి," అంది అనిల దూరం నుంచే.

"ఎందుకు మేడం?"

"మీ ఎద్దును చంపింది ఆ పిలకలే."

గంగారాం ఆమెను, ఆమె వెనక ఉన్న హన్మవ్వను చూశాడు. "ఎవరు చెప్పిచ్చిన్రో తెలుస్తుంది లే. వానకు నాము పోతది మేడం. మా తాత కాలం సంది గదే చూస్తున్నం."

"ముదురు ఆకుల సంగతి వేరే. ఇవి లేతవి. ఎండకు ఎండింది, కొడవలికి తెగింది, మీదికెళ్లి రాళ్లు పడ్డయి. అన్నీ ఓర్చుకొని లేచిన పిలక అన్నా ఇది. ఉరకనీకి దానికి కాళ్లు లేవు. పొడవనీకి కొమ్ములు లేవు. ఉన్న శక్తంత పెట్టి లేత ఆకుల విషం చేసుకుంటది. అది ఊకెనే ఉన్నప్పుడు ఎవ్వరినీ ఏమనది, చక్కెరతోని కట్టేసినట్టు ఉంటది. పండ్ల కింద నలిగితేనే ఆ కట్టు తెగుతది."

"అంటే జొన్న మా ఎద్దు మీద పగవట్టిందంటరా?"

"పగ లేదు. దానికి మీ ఎద్దెవరో, ఏసయ్యెవరో తెల్వది. బతకాలె, అంతే."

"గివన్నీ బడిల చెప్పుండ్రి మేడం, పిల్లలు రాసుకుంటరు," అన్నాడు గంగారాం. అన్నాడే గానీ కర్ర ఎత్తి బర్రెను అదిలించాడు. బర్రె నాలుగు అడుగులు వేసింది. ముందుకాళ్లు వణికాయి. నోటి నుంచి నురగ కారింది. భూదేవి కేక వేస్తుండగానే పక్కకు ఒరిగి కూలిపోయింది.

కేక విని అవతలి గట్టు నుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఏసయ్య. చేనుకు రావద్దన్నారని అక్కడే తుమ్మచెట్టు నీడన కూర్చున్నట్టున్నాడు. వచ్చీ రాగానే బర్రె తలను ఒడిలోకి ఎత్తుకున్నాడు.

"ముట్టకు!" అని అరిచాడు గంగారాం. "ఒకదాన్ని చంపింది సాల్లేదారా?"

"పట్టనియ్యి," అంది భూదేవి. "దానికి ఆయన చెయ్యి ఎరికె. నువ్వు పట్టుకుంటే బెదురుతది."

అనిల అప్పటికే పశువుల డాక్టరు మనోజ్ఞకు ఫోన్ చేసింది. గాలికుంటు టీకాలు వేసి పక్క ఊరి నుంచి తిరిగి వస్తున్నానంది డాక్టరు. "తొందరగనే వస్త మేడం. అంతదాక నోట్ల ఏమీ పొయ్యకండ్రి, తల ఎత్తి పట్టుండ్రి. నాముకు హైపో ఎక్కియ్యాలె. నా బండిల టీకాలు, సెలైన్ తప్ప ఏం లేవు. కామారెడ్డి నుంచి తెప్పిచ్చేదాక అది ఆగది."

అనిల చెయ్యి భుజాన ఉన్న సంచి మీదికి పోయింది.

"హైపో నా దగ్గర ఉంది," అంది.

"మీ దగ్గరనా?"

"ఫొటోలు కడిగేది. సీలు తియ్యని డబ్బా."

"మామూలుగైతే నేనే వద్దంట. ఇప్పుడు వేరే దారి లేదు. తీస్కరాండ్రి."

అనిల ఫోన్ పెట్టేసి గంగారాం ఎదుటికి వచ్చింది. అప్పటికే పొలాల నుంచి జనం చేరుతున్నారు.

"అన్నా, గుళికల విషానికి ఈ మందు పని చెయ్యది. నాముకైతేనే చేస్తది. బర్రె లేస్తే ఏసయ్య మీద వేసిన మాట మీరు వాపస్ తీసుకోవాలె."

"లేవకపోతే?"

"లేవకపోతే మీ నలుగురి నడుమ నేను మాట్లాడ."

లేవకపోయినా అది నామే కావచ్చునని, ఆలస్యమైతే ఏ మందూ పని చెయ్యదని ఆమెకు తెలుసు. కానీ ఆ మాట ఇప్పుడు అంటే ఎవరూ వినరు. హన్మవ్వను వెనక కూర్చోబెట్టుకుని స్కూటీని ఎల్లారెడ్డి వైపు తిప్పింది.

బస్టాండు పక్క సందులో సీతారాం ఫొటో స్టూడియో ఉంది. ఆయన పోయిన రోజు ఎవరో షట్టరు దించి, తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అప్పటి నుంచి బడికి వెళ్లేటప్పుడు ఆ సందు తగలకుండా చుట్టు తిరిగి వెళ్లేది. తాళంచెవి మాత్రం ఇంటి తాళంచెవులతో పాటే సంచిలో ఉండేది.

తాళం తిరిగింది. షట్టరు కదల్లేదు.

"జరుగుండ్రి మేడం," అని హన్మవ్వ చీర కొంగు నడుముకు చెక్కుకుని రెండు చేతులా గుంజింది. షట్టరు గొల్లుమంటూ పైకి లేచింది. ఎదురు దుకాణంలో టీ తాగుతున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు.

లోపల గోడకు నీలం పరదా, దాని ముందు పాస్‌పోర్టు ఫొటోలకు కూర్చోబెట్టే కుర్చీ. వెనక చీకటి గది. ఫోన్ వెలుగు పట్టుకుని అనిల లోపలికి నడిచింది. పుల్లటి మందు వాసన ఇంకా పోలేదు. ఫోన్లు వచ్చి రీళ్లు మూలన పడ్డాక కూడా సీతారాం తన సరదాకు నలుపు తెలుపు ఫొటోలు కడుక్కునేవాడు. పెళ్లయిన కొత్తలో ఈ ఎర్ర బల్బు కింద ఆమె కూడా పక్కన నిలబడి, తొట్టిలో కాగితం మీద ముఖాలు తేలుతుంటే చూసేది. తేలిన ముఖం వెలుగులో చెరిగిపోకుండా నిలిపేది హైపో.

డబ్బా పై అరలో ఉంది. దాన్ని అందుకోవాలంటే బల్ల ముందున్న స్టూలు అడ్డం. ఆయన చివరిసారి కూర్చుని లేచిన చోటనే అది ఉంది. అనిల దాన్ని చూస్తూ నిలబడింది.

"మేడం," అంది హన్మవ్వ గుమ్మంలోంచి, చిన్నగా.

అనిల స్టూలును పక్కకు జరిపింది. డబ్బా దించుకుని బయటికి వచ్చింది.

వాళ్లు చేను చేరేసరికి డాక్టరు మనోజ్ఞ బర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. డబ్బా చూసి, సీలు చూసి, తెల్లటి పలుకులను సెలైన్‌లో కరిగించి, దూదితో వడగట్టింది. మెడ నరంలో సూది గుచ్చగానే రక్తం చిమ్మింది.

"ఇటు రాండ్రి పటేల్," అంది డాక్టరు. "ఈ రక్తం చూడుండ్రి. ఈ నరంల రక్తం నల్లగ ఉండాలె. ఇది ఎట్లుంది?"

"ఎర్రగుంది," అన్నాడు గంగారాం. "కుంకుమ లెక్క."

"గాలి రక్తంలనే ఉంది, ఒంటికి అందుతలేదు. నాము చేసే పని అది. గుళికలు మింగిన గొడ్డు రక్తం గిట్ల ఉండది."

మందు బొట్లు బొట్లుగా దిగుతోంది. ఏసయ్య బర్రె మెడను తొడ మీద ఆనించుకుని, కొమ్ముల మధ్య నిమురుతూ దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. జనం గుసగుసలాడటం మానేశారు. అనిల బర్రె పక్కటెముకలనే చూస్తోంది. అవి ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి ఎగరడం తగ్గింది. ఆగిపోతున్నాయా, నెమ్మదిస్తున్నాయా ఆమెకు అర్థం కాలేదు. చేతిలో డబ్బా మూతను తిప్పి బిగించింది, మళ్లీ తిప్పింది.

బర్రె చెవి ఆడింది.

"చెవి గొట్టింది!" అన్నారెవరో.

"ఉష్, సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాడు ఏసయ్య.

ఇంకాసేపటికి అది ముందుకాళ్లు మడుచుకుని తలెత్తింది. ఇంకో సీసా అయ్యాక, ఏసయ్య భుజం ఆసరా ఇస్తే, ఒకసారి తూలి లేచి నిలబడింది. భూదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గంగారాం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా, "రేపటి సంది గొడ్లను ఇడిసి తోల్కపోరా ఏసయ్యా," అని గట్టు దిగబోయాడు.

"గట్ల కాదన్నా," అంది అనిల.

ఆమె గొంతు పెంచలేదు. అయినా గంగారాం ఆగాడు.

"మాట వేసింది పదిమంది ముందట. తీసేదీ పదిమంది ముందటనే."

"బర్రె లేచింది గద మేడం, అందరు చూసిన్రు గద."

"బర్రె లేచింది. ఆయన మీద పడ్డ మాట ఇంక లేవలేదు."

గంగారాం జనాన్ని చూశాడు, భార్యను చూశాడు. "అనరాదు," అంది భూదేవి. "అరిచి తిట్టినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" ఎవరో నవ్వు ఆపుకున్నారు. గంగారాం గొంతు సవరించుకున్నాడు.

"ఏసయ్య తప్పు లేదు. నా గొడ్లను నేనే చేన్లకు దింపుకున్న. ఎద్దు వోయినంక నాము అనుకుంటే బర్రెను దింపకపోదును. వాని మీద వేసి, దీన్ని కూడ పోగొట్టుకుంటుంటి."

ఏసయ్య బర్రె మెడ మీద చెయ్యి తీయకుండా తల ఊపాడు. తర్వాత అన్నాడు, "హోళీనాడు నేనన్న మాట గూడ తీసేస్తున్న పటేలా."

ఆ పిలకలు పూత దశకు వచ్చేదాకా ఏ గొడ్డునూ దింపొద్దని, లేకపోతే కోసి బాగా ఎండబెట్టి వేసుకోవాలని డాక్టరు చెప్పింది. ఏసయ్య తుమ్మకొమ్మలు నరికి చేనుకున్న దారికి అడ్డం వేశాడు. కొమ్మల అవతల పిలకలు గాలికి ఊగుతూ, చూస్తే కడుపు నిండేంత పచ్చగా ఉన్నాయి.

స్కూటీ తీస్తుంటే హన్మవ్వ దగ్గరికి వచ్చింది. ఏదో అనబోయి ఆగి, ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో మేడం, షట్టరు దించుడు మరిచినం! తొందరల అట్లనే ఇడిసిపెట్టి వస్తిమి."

"మరవలేదు," అంది అనిల. "గాలి వోనియ్యి. పోయి ఊడ్వాలె."

"చీపురు ఉందా ఆడ?"

"ఏమో. చూడలే."

హన్మవ్వ ఏసయ్యకు కేకేసి, పొయ్యి మీద చారు ఉందని చెప్పి, మళ్లీ స్కూటీ ఎక్కింది. ఎల్లారెడ్డి చేరేదాకా, రేపు అన్నం పారబోసే పిల్లలను ఏమేం తిట్టాలో ఒక్కొక్కరి పేరు పెట్టి చెబుతూనే ఉంది.