ఒక పక్కకే నీళ్ళు

ఏటి ఇసుకలో చెలమ ఊట తగ్గిపోగానే మా ఆయన ముసెంబీ తేల్చేశాడు. "ఏమే స్యోంబువా, వానలు పడేదాకా నీ టమాటాలు బతికితే సరే. వాడిపోయాయో, మడిలోకి మేకల్ని తోలేస్తా. వాటికైనా కడుపు నిండుతుంది."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ మడి నేను రాళ్ళేరి, పేడ మోసి చేసుకున్నది!

మా కోడలు న్తెన్యా వ్యవసాయ బడిలో చదువుకుంది. "అత్తయ్యా, ఉన్న నీళ్ళు ప్రతి మొక్కకీ ఒక పక్కే పోద్దాం," అంది.

"రెండో పక్క ఏం పాపం చేసిందే?"

"ఎండిన వేళ్ళలో ఒక హార్మోను పుడుతుంది. అది ఆకుల దాకా ఎక్కి, 'నీళ్ళు కరువు, తలుపులు మూసుకోండి' అని కబురు చెబుతుంది. ఆకులు తడిని వృథాగా వదలవు. తడిసిన పక్క వేళ్ళు మొక్కకి నీళ్ళందిస్తాయి. కొన్నాళ్ళకి పక్కలు మార్చాలి."

నాకు సగమే అర్థమైంది. పోసేదీ సగం నీళ్ళేగా, చాల్లే అనుకుని నీళ్ళ డబ్బాలు మోసే గాడిదని అదిలించాను. మొక్కలు నిలబడ్డాయి. మధ్యాహ్నం తలలు వాల్చినా సాయంత్రానికి లేచేవి.

ఒకనాడు అత్తాకోడళ్ళం సంతకెళ్ళి వచ్చేసరికి ప్రతి మొక్కకీ ఎండిన పక్కంతా తడిసి ఉంది. మా మ్వేత్యా ఆడవాళ్ళు ఖాళీ డబ్బాలతో నిలబడి ఉన్నారు. మ్వేత్యా అంటే మా సాయం పనుల జట్టు; అందులో ఒకరి చేలో పని వెనకబడితే మిగతావాళ్ళు అడక్కుండానే దిగిపోతారు.

జట్టుకి పెద్దదిక్కు కవిన్యా ముసిముసిగా నవ్వింది. "నీళ్ళు చాలక సగంలో ఆపేశావు కదూ వదినా, పాపం! మిగతా సగం మేం పోసేశాం."

"మీ చేతులు పడిపోను! ఎవరు పొయ్యమన్నారే? చెలమలో చుక్కైనా మిగిల్చారా?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

కవిన్యా మొహం చిన్నబోయింది. "చెలమ ముట్టలేదు వదినా. మా ఇళ్ళలో వంటకి దాచుకున్న నీళ్ళు ఇవి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆ పూట వాళ్ళ పొయ్యిల మీద ఏం ఉడుకుతుంది?

న్తెన్యా మాత్రం పకపకా నవ్వింది. "అత్తయ్యా, పక్కలు మార్చే వేళ ఎలాగూ వచ్చింది. ఆ పని వీళ్ళే చేసిపెట్టారు. ఇక ఇన్నాళ్ళూ తడిపిన పక్క మానేద్దాం. కబురు పంపే వంతు ఆ వేళ్ళది."

ఆ సాయంత్రమే, మర్నాడు మొక్కలకి పోయాల్సిన డబ్బా నీళ్ళు ఎసట్లో పోసి, మొక్కజొన్నా చిక్కుడు గింజలూ కలిపి అందరికీ ఇస్యో వండాను. తింటూ నామీద పాట కట్టారు, నీళ్ళు పోసినవాళ్ళని తిట్టే స్యోంబువా అని! సిగ్గుపడుతూనే గొంతు కలిపాను.

వానకి ముందే పళ్ళు ఎర్రబడ్డాయి. మొదటి గంప ఎత్తుకుని కవిన్యా ఇంటి వైపు బయల్దేరితే ముసెంబీ గుమ్మంలో అడ్డం పడ్డాడు.

"మరి నాకో?"

"నీకేం తక్కువయ్యా, మేకలున్నాయిగా! వెళ్ళి వాటిని అడుగు," అని గంప నెత్తికెత్తుకున్నాను.