రాళ్ళ సిద్ధాంతి

ఆ ఉంగరాల కొట్టులో అతన్ని అందరూ రాళ్ళ సిద్ధాంతి అనేవారు. ఎవరు ఏ ఆకారం వజ్రం మీద వేలు పెడితే, దాన్ని బట్టి వాళ్ళ స్వభావం చెప్పేసేవాడు. గుండ్రందైతే నలుగురిలో ఇట్టే కలిసిపోయే మనిషి. చదరమైతే ఉన్నమాట మొహాన అనేసే మనిషి. కోడిగుడ్డు ఆకారానికి ఓర్పు, నీటిబొట్టుకి సున్నితమైన మనసు. ఇదంతా ఏ శాస్త్రంలోనూ లేదు. పదిహేనేళ్ళ కిందట, బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న ఒక మధ్యాహ్నం తనే అల్లేశాడు. తన గురించి నాలుగు మంచిమాటలు చెబితే కాదనే మనిషి ఇంకా పుట్టలేదు కాబట్టి, ఆ కొట్టులో మళ్ళీ ఈగలు తోలే పని పడలేదు.

అలాంటివాడికి ఇప్పుడు సొంత బేరం తగిలింది. ఎదురు వీధి ఆసుపత్రిలో పనిచేసే నర్సంటే అతనికి ప్రాణం. మూడు నెలలుగా ఆసుపత్రి కాంటీన్‌లో కలిసి టీ తాగుతున్నారు గానీ, ఇద్దరూ ‘మీరు’ దగ్గరే ఆగిపోయారు. పోయిన సోమవారం పెళ్ళి మాట ఎత్తాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

"శనివారం మీ కొట్టుకొస్తాను. నాకు ఏ ఉంగరమో మీరే తీసి చూపించండి. అప్పుడు చెబుతాను," అంది.

ఊరందరి మనసులూ చిటికెలో చెప్పేవాడికి ఆ ఐదు రోజులూ ముద్ద దిగలేదు. చదరం చూపిస్తే నోటి దురుసు మనిషినంటున్నాడు అనుకుంటుందేమో. గుండ్రం చూపిస్తే, అందరికీ చూపించేదే నాకూ చూపించాడు అనుకుంటుందేమో. పడవ ఆకారం బాగానే ఉంటుంది గానీ, దానికి తను కట్టిన మాట ‘ఒకచోట నిలవని మనిషి’. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే కాబోలు.

శనివారం ఆమె డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. అతను ట్రే ముందుకు జరిపాడు. అతని చెయ్యి నీటిబొట్టు దగ్గర ఆగింది. నోరు అలవాటుకొద్దీ తనంతట తనే నడిచింది.

"ఇది పెట్టుకునేవాళ్ళది చాలా సున్నితమైన మనసండీ. పైకి చెప్పరు గానీ..."

"లోపల్లోపలే కరిగిపోతారు. అంతేనా?" అందామె.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పోయినేడు మా అక్కకీ ఇదే చెప్పారు. మా బావ కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి. కూరలో ఉప్పెక్కువైందంటే చాలు, ఉంగరం చూపించి ఏడుస్తుంది. ‘నాది నీటిబొట్టు, నన్నేమీ అనకండి’ అని. పళ్ళేలు విసిరేటప్పుడు మాత్రం ఏ బొట్టో తెలీదు. బావకి మీ పేరు తెలియకపోయినా రోజూ మిమ్మల్నే తలుచుకుంటాడు."

పక్క కౌంటర్లో ఎవరో కిసుక్కుమన్నారు. సిద్ధాంతం పోతే పోయింది, ఈమె కాదంటే అతను తట్టుకోలేడు. తల దించుకున్నాడు. అప్పుడు కనిపించాయి, ట్రే అంచున ఆనించిన ఆమె చేతులు. రోజంతా గ్లౌజుల్లో నాని, పదేపదే కడిగీ కడిగీ, కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. పదిహేనేళ్ళుగా వేళ్ళు చూసి బతికేవాడు, మూడు నెలలుగా ఈ వేళ్ళు చూడనే లేదు. అతనికి తన మీద తనకే సిగ్గేసింది.

ట్రే మూసేశాడు.

"ఇందులో ఏదీ మీకు పనికిరాదండీ. అన్నీ పైకి పొడుచుకుని ఉంటాయి. గ్లౌజు తొడిగినప్పుడల్లా చింపేస్తాయి."

కింది సొరుగు వెతికి ఒక సన్న ఉంగరం తీశాడు. నువ్వుగింజంత వజ్రం, బంగారంలోకి పూర్తిగా దిగిపోయి ఉంది. ఎవరూ అడగరని మూలన పడేసింది. ఆమె దాన్ని రెండుసార్లు వేలితో నిమిరి చూసింది. రాయి ఎక్కడా తగల్లేదు.

"ఇది పెట్టుకునేవాళ్ళది ఏం స్వభావమండీ?" అంది.

అతను నోరు తెరిచాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

"తెలీదండీ," అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "తెలుసుకుందువుగానిలే," అంది.

‘మీరు’ పోయిందని అతనికి తట్టేసరికి, కంగారులో ఆ ఉంగరం ఆమె చిటికెన వేలికి తొడుగుతున్నాడు.