మెత్తని నాదం

మా కార్ఖానా బ్యాండులో ఎవరు ఏ వాయిద్యం కొనాలన్నా ముందు నా దగ్గరికే వచ్చేవారు. ముప్ఫై ఏళ్లు టూబా వాయించి, పై పళ్లు ఊడాక వాయించడం మానేసినవాణ్ని. టూబా అంటే బ్యాండులో అన్నిటికన్నా పెద్ద ఇత్తడి బూరా, ఒళ్లో దున్నపోతును మోసినట్టు మోయాలి. అది తప్పితే మిగతా ఇరవై మందీ తప్పుతారు. ఏ వాయిద్యాన్నైనా ఇట్టే తూచి చెప్తానని వెనకాల నన్ను 'తరాజు' అనేవారు. నిజం చెప్పొద్దూ, విని లోలోపల పొంగిపోయేవాణ్ని.

నా స్థానంలోకి మా బావమరిది వచ్చాడు. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. లేత్ మిషను మీద పని. మనిషి నెమ్మది గానీ ఊపిరి మాత్రం కొలిమి తిత్తి. కింది స్వరం పట్టాడంటే బ్యాండు మాస్టారు ఆపమని చెయ్యెత్తేదాకా వదిలేవాడు కాదు. బ్యాండు టూబా చిల్లులు పడ్డాక, సొంతంగా ఒకటి కొనుక్కుంటానని నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. అతని తాహతుకు అందేవి రెండే ఉన్నాయి. ఒకటి కొత్తది, తళతళలాడుతోంది. రెండోది ఎన్నాళ్లుగానో మూలనపడి నల్లబారిన పాతది.

"కొత్తది బాగుంది కదా బావా," అన్నాడు.

"అద్దం కొనడానికొచ్చావా? మెరుపుతో నీకేం పని?" అన్నాను.

చవక సరుకును ఎలా పట్టుకోవాలో అతనికి పాఠం చెప్పాను. దుకాణదారు వింటున్నాడని కాస్త గొంతు పెంచి మరీ చెప్పాను. కొత్తదాని మూతి అంచును గోటితో కొట్టాను, రేకు పల్చన. స్వరం మార్చే మీట, అదే వాల్వు, నొక్కకుండా దాని గొట్టం లాగాను. గాలి బిగువుంటే 'టప్'మనాలి, అది ఉస్సుమంది. ఊదితే గరగరమంటూ డబ్బా మోగినట్టు మోగింది. అప్పుడు పాతదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. మూడు వాల్వులూ టప్, టప్, టప్. ఊదితే గొంగడి కప్పుకున్నట్టు మెత్తగా వచ్చింది నాదం. నాకు ఒళ్లు పులకరించింది.

బావమరిది కూడా ఊది చూసి ముఖం చిట్లించాడు. "లోపల్నుంచి ఏదో కంపు బావా."

నాకూ ముక్కిన వాసన కొట్టింది. "పాత ఇత్తడి అలాగే ఉంటుంది. ఈ మెత్తదనం కొత్తవాటికి రమ్మన్నా రాదు. కళ్లు మూసుకుని తీసుకో," అన్నాను.

తీసుకున్నాడు. పైపైన తుడుచుకుంటే చాలనీ, లోపల కడిగితే నాదం చెడుతుందనీ కూడా చెప్పాను. నా టూబాను నేను నెలనెలా కడిగేవాణ్ని. దీని విషయంలో మాత్రం ఆ నాదం మీద మోజు నా బుద్ధిని తినేసింది.

ఆర్నెల్లకు దగ్గు మొదలైంది. ఓ ఆదివారం టూబా మోసుకుంటూ మా ఇంటికొచ్చాడు. మెట్లెక్కేసరికి పెదాలు నీలంగా మారాయి.

"కింది స్వరం నిలబడట్లేదు బావా. ఎక్కడో గాలి పోతోంది."

నేను అతని పెదాలను పట్టించుకోలేదు, టూబా చూశాను. టప్, టప్, టప్.

"ఇది బంగారం లాంటి వాయిద్యం. లోపమంతా నీలోనే ఉంది. సాధన తగ్గించావు. రోజూ గంటసేపు కింది స్వరాలే ఊదు," అన్నాను.

ఊదాడు. నా మాట మీద అంత గురి. ఊదిన రోజు రాత్రికి జ్వరం వచ్చేది, తెల్లారేసరికి తగ్గేది. మధ్యలో చేయి బెణికి రెండు వారాలు వాయించకపోతే దగ్గు మాయమైంది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. చేయి బాగవగానే, బద్ధకం వదిలించుకోమని నేనే మళ్లీ కూర్చోబెట్టాను. అలా ఇంకో ఏడాది గడిచింది.

చివరికి మా ఆవిడ పోరితే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ వరసగా అడిగింది. ఇంట్లో పావురాలున్నాయా? గోడలకు చెమ్మ ఉందా? ఏవీ లేవు.

"పని కాకుండా ఇంకేం చేస్తుంటారు?"

"టూబా వాయిస్తానండీ," అన్నాడు గర్వంగా.

ఆమె రాయడం ఆపింది. "దాని లోపల ఎప్పుడు కడిగారు?"

బావమరిది నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

గొట్టాల్లో పేరుకున్న బూజు, ఊదడానికి గాలి పీల్చినప్పుడల్లా లోపలికి పోయిందని చెప్పిందామె. ఊపిరితిత్తులు చాలా వరకు గట్టిపడ్డాయనీ, గట్టిపడినవి మళ్లీ మామూలు కావనీ చెప్పింది.

అతన్ని మా ఇంటికే తెచ్చుకున్నాం. ముందుగదిలో మంచం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. నెల తిరక్కుండానే, టూబా బ్యాండుకు ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చే ముందు కడగాలి కదా. స్నానాలగదిలో గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి, పొడవాటి బ్రష్షు గొట్టాల్లోకి తోశాను. కాలువలో పాకుడు లాంటిది, నల్లగా, పచ్చగా, తాళ్లుతాళ్లుగా ఊడొచ్చింది. సగం బకెట్ నిండింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇదంతా వాడు పీల్చాడా?" అంది.

బకెట్ పక్కకు జరిపి, టూబాను మంచినీళ్లతో జాడించాను. ఆరబెట్టి, వాల్వులకు నూనె వేసి, సరిచూద్దామని ఊదాను. గరగరమంటూ డబ్బా మోగినట్టు మోగింది. మళ్లీ ఊదాను. అదే మోత. దుకాణంలో నాకు ఒళ్లు పులకరింపజేసిన మెత్తదనమంతా ఆ బకెట్లో ఉంది. నా చెవిని కోసి అందులోనే పారేయాలనిపించింది.

"బావా," ముందుగదిలోంచి పిలుపు. "కొత్తది... కొన్నావా?"

"కాదురా, నీదే," అన్నాను.



"నాది... ఇలా మోగదే."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా నమ్ముతాడు, నా మాట ఎప్పుడు నమ్మలేదు గనక. వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

"ఆ మెత్తదనం బూజుదిరా. నాకు తెలియలేదు. నేనే కొనిపించాను, నేనే కడగొద్దన్నాను."

అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండును.

"కంపని... నేను... చెప్పా కదా బావా," అన్నాడు.

ఆ కాస్త మాటకే అతను మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.