సొంత దోమలపై ఎదురు వాదన

పెద్దల్లుడు పదకొండేళ్లుగా దోమలను పెంచుతున్నాడు. అదే అతని ఉద్యోగం. ట్రేలలో పిల్లపురుగులకు మేత వేయాలి, ఆడవాటినీ మగవాటినీ జల్లెడతో వేరు చేయాలి, మగవాటిని సంతానం కలగకుండా కిరణాల పెట్టెలో ఉంచాలి. అలాంటి మగదోమలను ఊళ్లో వదిలితే, వాటితో కలిసిన ఆడదోమల గుడ్ల నుంచి పిల్లలు రావు. ఇన్నేళ్లలో అత్తగారు ఆ పని గురించి అడిగింది ఒక్కసారే: "ఆ బట్టలతోనే ఇంట్లోకి వచ్చేశావా నాయనా?" అని.

చిన్నల్లుడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. దోమకు కాళ్లెన్నో మొన్నమొన్నటిదాకా అతనికి తెలియదు. అయినా గ్రంథాలయం హాల్లో నెలనెలా జరిగే సైన్సు చర్చల్లో అతను మైకు పట్టుకుంటే జనం కదలరు. అత్తగారు ముందు వరుసలో కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా చిన్నల్లుడే" అని చెప్పుకుంటుంది. అది విన్నప్పుడల్లా పెద్దల్లుడికి ఒళ్లు మండేది.

ఈసారి చర్చ, ఊళ్లో ల్యాబు దోమలను వదలాలా వద్దా అని. వదలాలని వాదించేది చిన్నల్లుడు!

"వద్దనడానికి ఎవరూ దొరకలేదండీ. వాటి లోపాలు మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి?" అని లైబ్రేరియన్ ఫోన్లో బతిమాలింది.

తన దోమల గురించి గొప్పగా చెప్పడానికి తోడల్లుడు, తప్పులెన్నడానికి తను! పెద్దల్లుడు పళ్లు నూరుకున్నాడు. కానీ జనం ముందు వాడి నోరు మూయించే అవకాశం మళ్లీ రాదనిపించి, "సరే, వస్తాను" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో రెండు వందల మంది ఉన్నారు. మొదట చేతులెత్తమంటే ముప్పావువంతు మంది వదలాలనే అన్నారు. చిన్నల్లుడు నవ్వించాడు, మెప్పించాడు. అప్పుడు ఒక టైలరమ్మ లేచింది.

"మగదోమలు కుట్టవన్నారు, బానే ఉంది. వాటిలో ఆడది ఒక్కటి కూడా కలవదని రాసిస్తారా?"

చిన్నల్లుడు సాయం కోసం తోడల్లుడి వైపు చూశాడు.

పెద్దల్లుడు మైకు అందుకున్నాడు. "కలుస్తాయి. నేనే లెక్కపెట్టాను." అంతే, మైకు కింద పెట్టేశాడు. ఎన్ని కలుస్తాయో చెప్పలేదు.

హాలంతా గుసగుసలు. మళ్లీ చేతులెత్తమంటే వద్దన్నవాళ్లే ఎక్కువ. జీవితంలో మొదటిసారి పెద్దల్లుడు తోడల్లుడి మీద గెలిచాడు. ఆ సంతోషంతో మెట్లు దిగుతుంటే అత్తగారు ఎదురొచ్చింది.

"పదకొండేళ్లుగా ఇంత ప్రమాదమైన పనా నువ్వు చేస్తున్నది?"

ఆవిడ కళ్లలో మెప్పు లేదు, భయం ఉంది. వెనకే ఉన్న భార్య చిన్నగా అడిగింది: "వెయ్యికి ఒకటేనని ఎందుకు చెప్పలేదండీ?"

అతనికి తల కొట్టేసినట్టయింది. పరుగున వెనక్కి వెళ్లి మైకు ఆన్ చేశాడు. అప్పటికే సగం కుర్చీలు ఖాళీ. "ఒక్క మాట దాచాను. కలిసేది వెయ్యికి ఒక్కటి. కిరణాలు దానికీ తగులుతాయి కాబట్టి దాని గుడ్ల నుంచి కూడా పిల్లలు రావు." జనం అర్థంకానట్టు చూశారు.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం," అంటూ చిన్నల్లుడు పక్కన చేరాడు. "ఇందాక ఈ హాలు నిండింది కదా? అలాంటివి అయిదు హాళ్లు నిండితే, అందులో ఒక్కరన్నమాట!"

టైలరమ్మ తలూపింది. చప్పట్లు మోగాయి. ఉన్నవాళ్లలో ఎక్కువమంది వదలమనే చేతులెత్తారు. చేతులెత్తిన మూడు లెక్కలూ, మారిన కారణమూ రాసి పైఅధికారులకు పంపుతానంది లైబ్రేరియన్.

ఇంటికి నడుస్తూ పెద్దల్లుడు భార్యతో, "లెక్క నాది, చప్పట్లు వాడికి," అన్నాడు.

"ఇంకా కుళ్లుగానే ఉందా?"

"ఉంది," అన్నాడు. "అయిదు హాళ్ల మాట నాకెందుకు తట్టలేదే!"

భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. అతను మాత్రం నవ్వలేదు.