పాపాయి ముంగిస

ఎనభై ఆరులో వచ్చిన పెద్ద వరద పోయాక ఎనిమిదో ఏడు అది. ఆ ఏడు ఆషాఢంలో పట్టుకున్న ముసురు భాద్రపదం దాకా వదల్లేదు. రామచంద్రపురానికి ఇవతల కోళ్ళ ఫారంలో పనిచేసే లోవరాజు ఇంట్లో ముంగిసకి బొచ్చు ఊడడం మొదలైంది ఆ ముసురులోనే.

ముందుగా కనిపెట్టింది అతని పెళ్ళాం పాపాయి. ఆవిడకి చూపు లేదు. పోయి నాలుగేళ్ళయింది. లోవరాజు తెల్లారి ఫారానికి పోతే పొద్దు గూకాకే రావడం, వచ్చినా అడిగినదానికి బదులు చెప్పడమే తప్ప ఇంకో మాట ఉండదు. పగలంతా ఆవిడకి తోడు ఆ ముంగిసే. మేత గోడౌనులో బస్తాల సందున కూనగా ఉన్నప్పుడు దొరికితే తువ్వాల్లో చుట్టి తెచ్చాడు లోవరాజు. పాపాయి దూది వత్తితో పాలు పట్టి బతికించి, బంగారి అని పేరు పెట్టుకుంది. ఆవిడ కూర్చుంటే చాలు, వచ్చి ఒళ్ళో ముడుచుకునేది.

"ఏమయ్యా, దీని తోక చూడు. చేతికి ఉత్త తోలు తగులుతోంది," అంది.

లోవరాజు దాన్ని వాకిట్లోకి తెచ్చి చూశాడు. తోక మొదట్లో రూపాయి బిళ్ళంత మేర బోడిగా ఉంది.

"ముసురు కదా," అన్నాడు. అంతే.

వానాకాలమని సరిపెట్టుకుంటే ఆగలేదు. డొక్కల మీదికి పాకింది. దాని ఒంట్లో బలం తగ్గిందేమోనని పాపాయికి బెంగ పట్టుకుంది. ఫారంలో చిట్లిన గుడ్లు పనివాళ్ళకి ఊరికే ఇచ్చేస్తారు. అంతకుముందు దానికి పూటకొక గుడ్డు పెట్టేది, ఇప్పుడు రెండు చేసింది. గుడ్డుని కొబ్బరి చిప్ప అంచుకి కొట్టి, పెంకు ముక్కేదైనా పడిందేమోనని వేలు పెట్టి తడిమి చూసి మరీ దాని ముందుకి జరిపేది. అది ఎలకల జోలికి పోవడం మానేసింది. అన్నం ముట్టడం మానేసింది. గుడ్డు తప్ప ఇంకేదీ పట్టదు.

"కడుపునిండా తింటూనే ఉందే! మరెందుకు ఊడుతున్నట్టు?" అనేది పాపాయి.

పక్కింటి చిట్టెమ్మ కూడా ఫారంలోనే ట్రేలు సర్దుతుంది. నోరు పెద్దది. ఒకరోజు గుమ్మంలో నిలబడి అంది: "చెబితే బాధపడతావు గానీ వదినా, అది నీ చేతి మహిమ. నువ్వు నాటిన కనకాంబరం మాడిపోయింది. మా పిల్లకి తలంటావు, పేలు పడ్డాయి."

"పేలు నీ తలలోంచి దిగుంటాయిలే. నా చెయ్యి పాపం గుడ్డిది, వాటికి దారి చూపించలేదు," అని నవ్వింది పాపాయి.

చిట్టెమ్మ కూడా నవ్వేసి పోయింది. కానీ ఆ మాట పాపాయి లోపల దిగిపోయింది. మర్నాటి నించి ముంగిసని చేత్తో ముట్టుకోవడం మానేసింది. అది ఒళ్ళోకి ఎక్కబోతే మోచేత్తో నెట్టేది. అది మంచం చుట్టూ తిరిగి తిరిగి కోడు పక్కన పడుకునేది. లోవరాజు వచ్చేసరికి ఆవిడ చేతులు రెండూ పైట కింద దాచుకుని కూర్చుని ఉండేది.

"నా చెయ్యి మంచిది కాదేమోనయ్యా."

లోవరాజు మంచం కోడు పక్కనున్న ముంగిస వైపు చూశాడు. బొచ్చు మళ్ళీ వస్తే ఆ మాట దానంతటదే పోతుందనుకున్నాడు.

గుడ్ల లారీ డ్రైవరు పల్లంరాజుని అడిగాడు. "గజ్జి బాబాయ్ అది," అన్నాడు పల్లంరాజు. "కాలిన ఇంజనాయిల్లో గంధకం కలిపి పట్టించు. మా కుక్కకి అలాగే రాశాను. ఇప్పుడు దానికి భయపడి మా ఇంట్లోకి నేనే దొడ్డిదారిన పోతున్నాను." తన లారీలోంచే సీసా నిండా తీసిచ్చాడు.

ఆదివారం పూట, పాపాయి వద్దంటున్నా, లోవరాజు ముంగిస మెడ పట్టుకుని తోక చివరి దాకా నల్లగా పట్టించాడు. ఒంటికి మరకంటితే ఊరుకునే జీవం కాదది. ఆ రోజంతా ఒళ్ళు నాకుతూనే ఉంది. రెండ్రోజులు గడిచేసరికి నురగ కక్కుకుంది. వెనక కాళ్ళు లేవలేదు.

గుడ్ల బుట్టలో ఊక పోసి, దాన్ని పడుకోబెట్టి, సైకిలు మీద పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు కుర్రవాడు. బుట్టలోకి వంగి చూశాడు.

"ఏం పెడతారండీ దీనికి?"

"గుడ్లు."

"ఉడకబెట్టా?"

"పచ్చివే. రెండు పూటలానూ."

"పచ్చి తెల్లసొన అదేపనిగా తింటే బొచ్చుని నిలబెట్టే విటమిను ఒంటికి పట్టదండి. కుక్కల్లో చూశాను, ముంగిసల సంగతి నాకూ సరిగ్గా తెలీదు. ఊడింది దానికే అయ్యుంటుంది. ఉడకబెట్టి పెట్టుంటే మళ్ళీ వచ్చేదే."

"వచ్చేదేనా?"

"బొచ్చూడి ఏదీ చావదండి. ఇది పోతోంది మీరు పూసిన ఆయిలుకి. నాకేసింది. లోపలంతా పాడైపోయింది."

సూది వేశాడు. సైకిలు కాలవ వంతెన ఎక్కేలోపే బుట్టలో కదలిక ఆగిపోయింది. లోవరాజు గట్టు మీద గొయ్యి తీసి పాతిపెట్టాడు. చేతులు కడుక్కుని అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. బొచ్చు ఊడింది పాపాయి చేతి తిండికి. ప్రాణం పోయింది తన చేతి మందుకి. రెండూ చెబితే ఆవిడ చెవికి మొదటిదే ఎక్కుతుంది. ఇక ఆ చేతుల్ని పైట కిందనించి బయటికి తీయదు.

ఇంటికొచ్చి ఖాళీ బుట్ట దించాడు. చప్పుడు విని పాపాయికి అర్థమైపోయింది.

"డాక్టరు అడిగాడా, ఏం పెడుతున్నారని?"

"అడగలేదు."

"గుడ్లు పడలేదేమోనయ్యా?"

"గుడ్ల మాటే రాలేదు. నూనెకి పోయింది. నేను రాసిన నూనెకి."

ఆవిడ అతని గొంతు వైపు తిరిగింది. "వద్దు, దానికి మంట పుడుతుందేమో అని చెప్పాను కదయ్యా. విన్నావా?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కంచం పెడితే ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న లోవరాజు బిందె తీసుకుని ఇంటి ఎదుటి వీధి కుళాయికి వెళ్ళాడు. చిట్టెమ్మ అప్పటికే ఆడవాళ్ళతో చెబుతోంది, "నేను ముందే అన్నాను, వదిన చెయ్యి..." అని.

"చిట్టెమ్మా," అన్నాడు లోవరాజు. అతను గొంతెత్తగా విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. బిందెలన్నీ ఆగాయి. "ముంగిసని చంపింది నేను. కాలిన ఆయిలు రాసి చంపాను. డాక్టరు చెప్పాడు. పాపాయి చెయ్యి దాన్ని పెంచింది. ఇంకోసారి నీ నోట ఆ మాట వచ్చిందంటే ఊరుకోను."

ఎదురుగా ఇంట్లో మంచం కిర్రుమంది, అంతా విన్నా పాపాయి మాత్రం పిలవలేదు. లోవరాజు బిందె నింపి గుమ్మంలో దించి, సైకిలు తీసుకుని ఫారానికి పోయాడు.